మెదోవిక్‌ని మర్నాడే ఎందుకు కొయ్యాలి

మొదటిసారి మెదోవిక్ అనే రష్యన్ తేనె కేకు చేసినప్పుడు సాయంత్రం నాలుగింటికి క్రీమ్ పూసి, ఆరింటికి కోసి చుట్టాలకు పెట్టాను. కత్తి దిగలేదు. గట్టిగా నొక్కితే పొరలు పటపటా విరిగి, మధ్యలో క్రీమంతా పక్కలకు జారింది. మా నాన్న ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "రుచి బానే ఉందమ్మా, కానీ కేకన్నావు, చెగోడీలు పెట్టావేంటి?" అన్నారు. మిగిలిన సగం సిగ్గుపడి ఫ్రిజ్‌లోకి తోసేశాను. మర్నాడు పొద్దున కాఫీతో తిందామని తీస్తే, అదే కేకు కత్తి బరువుకే తెగింది. రాత్రికి రాత్రి ఎవరో మార్చి పెట్టినట్టుంది.

రష్యాలోని కజాన్‌లో మెడిసిన్ చదువుతున్న మా మేనల్లుడికి ఫోన్ చేసి చెబితే పగలబడి నవ్వాడు. "అత్తా, అది చేసిన రోజు తినేది కాదు. ఇక్కడ ఆదివారం పుట్టినరోజు ఉంటే శుక్రవారమే చేసి పెట్టుకుంటారు" అన్నాడు. ఆ ముక్క నేను చూసిన వీడియోల్లో లేకపోలేదు. చివర్లో అర సెకను సేపు 'రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి' అని వచ్చింది. ఏ వంటకైనా చివర్లో చెప్పే మాటే కదా అని వదిలేశాను. మెదోవిక్‌లో అసలు వంట అదేనని తర్వాత తెలిసింది.

మనకు కేకు అంటే పిండి కలిపి గిన్నెలో పోసి, పొంగించి, మధ్యకు కోసి క్రీమ్ రాసేది. మెదోవిక్ అలాంటిది కాదు. ఓవెన్‌లోంచి బయటికి వచ్చేది బిస్కెట్టే. చపాతీలా వత్తి, ఐదారు నిమిషాలు కాల్చిన పలుచని తేనె బిస్కెట్లు ఎనిమిదో పదో ఉంటాయి. వాటి మధ్య పుల్లని క్రీమ్ రాసి ఒకదాని మీద ఒకటి పెడితే, ఆ బిస్కెట్లు రాత్రంతా నాని కేకు అవుతాయి. పెరుగావడ చేసేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. కరకరలాడే గారెను పెరుగులో వేసిన వెంటనే తింటే గారె వేరు, పెరుగు వేరు. నాలుగు గంటలాగితే రెండూ ఒకటి. మెదోవిక్ కూడా అంతే, కాకపోతే తీపి.

పేరు గురించి ఒక చిన్న పిట్టకథ. రష్యన్‌లో తేనెను 'మ్యోద్' అంటారు. సంస్కృతంలో 'మధు' అన్నా అదే మాట, రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. తెలుగుకు సొంత మాట 'తేనె' ఉన్నా, మధువు కూడా మన నోట్లో నానిన మాటే. రష్యన్‌లో ఎలుగుబంటిని 'మెద్వేద్' అంటారు, అంటే తేనె తినేది. కఠోపనిషత్తులో 'మధ్వదం' అనే మాట వస్తుంది, దాని అర్థమూ తేనె తినేవాడనే. అక్కడ అది జీవుడికి వాడిన మాట, ఇక్కడ ఎలుగుబంటికి. రష్యా మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ ఇంటిపేరు కూడా ఈ ఎలుగుబంటి నుంచి వచ్చిందే. కాబట్టి మెదోవిక్ అంటే తేనెది, తేనెతో చేసింది, అంతే.

రాత్రి ఫ్రిజ్‌లో జరిగేది

తేనెలో నీళ్లు 17 శాతం దగ్గర ఉంటాయి. మిగతాదంతా దాదాపు చక్కెరలే. అందులో 38 శాతం దాకా ఫ్రక్టోజ్, 31 శాతం దాకా గ్లూకోజ్. ఫ్రక్టోజ్‌కు నీళ్లంటే మహా ఇష్టం. చుట్టూ ఎక్కడ తేమ ఉన్నా లాక్కుంటుంది. తేనె సీసా మూత వదులుగా పెడితే వానాకాలంలో పలచబడి పులవడానికి కారణం ఇదే. కాల్చిన పొరలో నీళ్లు దాదాపు ఇగిరిపోతాయి. కానీ తేనె చక్కెరలు అందులోనే ఉంటాయి, అవి దాహంతో ఉంటాయి. వాటి పక్కన నీళ్లు నిండుగా ఉన్న పుల్లని క్రీమ్ రాశామా, నీళ్లు క్రీమ్‌లోంచి పొరలోకి మెల్లగా నడుస్తాయి. కొవ్వు కదలదు, అక్కడే ఉంటుంది. అందుకే తెల్లారేసరికి రెండు పనులు జరుగుతాయి. పొర మెత్తబడుతుంది, నీళ్లు పోయిన క్రీమ్ చిక్కబడుతుంది. సాయంత్రం జారిన క్రీమ్ పొద్దునకి కదలకుండా కూర్చోవడం వెనక ఉన్న మర్మం ఇదే.

ఇది అర్థమయ్యాక నా రెండో తప్పు కూడా తెలిసింది. క్రీమ్ జారకూడదని రెండోసారి, పుల్లని మీగడ బదులు వాడే పెరుగును రాత్రంతా గుడ్డలో వేలాడదీసి, జున్నులా గట్టిపడ్డాక వాడాను. కోస్తే అందంగా నిలబడింది గానీ పొరలు రెండు రోజులైనా ఎండుగానే ఉన్నాయి. క్రీమ్ దగ్గర నీళ్లే లేకపోతే పొరకు ఏమిస్తుంది? బటర్‌క్రీమ్ రాసినా ఇదే చిక్కు, ఎందుకంటే వెన్నలో నీళ్లు ఆరో వంతే ఉంటాయి. క్రీమ్ మొదట్లో కాస్త జారాలి. జారడం చూసి టెన్షన్ పడి చిక్కబరిచామా, కేకు చెడినట్టే.

క్రీమ్ ఎంత పూయాలన్న లెక్క కూడా ఇక్కడి నుంచే వస్తుంది. కాల్చిన పొరలన్నీ తూచి, అంతకంటే కొంచెం ఎక్కువ బరువు క్రీమ్ తీసుకుంటాను. చూడ్డానికి మరీ ఎక్కువనిపిస్తుంది. నమ్మి పూసేయాలి.

సోడా చేసే రెండు పనులు

మెదోవిక్ రంగు తేనె వల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే, కానీ ఎక్కువ వాటా వంటసోడాది. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి, అందులో వెన్న, చక్కెర, తేనె కరిగించాక చెంచాడు సోడా వేస్తే మిశ్రమం తెల్లగా నురగెత్తి రెట్టింపు అవుతుంది. పిల్లల్ని పిలిచి చూపించదగ్గ దృశ్యం. తేనె పుల్లనిది, నాలుకకు తెలియకపోయినా పులుపును కొలిచే పీహెచ్ దానికి 4 దగ్గర ఉంటుంది (7 కంటే తక్కువైతే పులుపు). ఆ పులుపు సోడాతో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది. పైగా సోడా వేడికి తనంతట తానే విడిపోయి గ్యాస్ వదులుతుంది. అందుకని 'బాగా నురగొస్తే అసలు తేనె' అని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. చక్కెర పాకంలో వేసినా వేడికి నురగ వస్తుంది.

రెండో పని రంగు. పులుపు పోయి మిశ్రమం క్షారం వైపు జరిగితే చక్కెరలు, మాంసకృత్తులు కలిసి ఎర్రబడే చర్య జోరందుకుంటుంది. పకోడీల పిండిలో సోడా ఎక్కువైతే లోపల ఉడక్కముందే పైన నల్లబడడం మనకు తెలిసిందే. ఇక్కడ ఆ గుణాన్నే కావాలని వాడుకుంటారు. పొయ్యి మీద ఇంకో మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉంటే మిశ్రమం తెలుపు నుంచి బంగారు రంగుకు, అక్కడి నుంచి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఈ రంగును బట్టే మెదోవిక్‌కు 'రీజిక్' అని ఇంకో ముద్దుపేరుంది, ఎర్రజుట్టు వాణ్ణి పిలిచే పిలుపు అది. సోడా చెంచా దాటితే మాత్రం సబ్బు రుచి వస్తుంది, దానికి మందు లేదు.

ఇక్కడే మన ఇళ్లలో ఒక అనుమానం తప్పకుండా వస్తుంది. తేనె వేడి చేయకూడదు, విషమవుతుందంటారు కదా? ఆయుర్వేదం వేడి చేసిన తేనెను వద్దంటుంది, నిజమే. ఆధునిక శాస్త్రం వైపు నుంచి చూస్తే, తేనెను వేడి చేస్తే హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు దానికి కిలో తేనెకు 40 మిల్లీగ్రాములు, వేడి దేశాల తేనెకు 80 మిల్లీగ్రాములు హద్దు పెట్టాయి. అది తేనె పాతదా, బాగా కాచిందా అని పట్టుకోడానికి పెట్టిన గీటురాయి. అదే పదార్థం కాఫీ పొడిలోనూ, బ్రెడ్డు పైపెచ్చులోనూ ఉంటుంది. చక్కెర ఉన్న దేన్ని ఎర్రగా కాల్చినా కొంత పుడుతుంది. ఎవరి నమ్మకం వాళ్లది, పట్టింపు ఉన్నవాళ్లకు ఈ కేకు పెట్టి బలవంతం చేయను. కానీ ఒకటి ఖాయం: వేడికి తేనెలోని ఎంజైములు పోతాయి, సన్నని పూల వాసనలూ పోతాయి. కాబట్టి వెయ్యి రూపాయల పచ్చి తేనె తెచ్చి ఇందులో పోయడం దండగ.

నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. ఏడాది లోపు పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బీజాలు అందులో ఉండొచ్చు. పొర లోపలి వేడి వాటిని చంపేంత ఉండదు. ముద్దొస్తున్నాడని క్రీమ్ వేలికి రాసి నాకించడం కూడా వద్దు.

ఏ తేనె మంచిదన్న ప్రశ్నకు రష్యాలో చాలామంది ఘాటైన తేనె వైపే మొగ్గుతారు. అక్కడ లిండెన్ చెట్టు పూల తేనె ఉంది, నల్లగా బెల్లం వాసన వేసే బక్‌వీట్ అనే పంట పూల తేనె ఉంది. మన దగ్గర గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె ఆ ఘాటుకు దగ్గరగా వస్తుంది. అడవి తేనెలో సాధారణంగా నీళ్లు కాస్త ఎక్కువ, కాబట్టి పిండి ఒక చెంచా ఎక్కువ పడుతుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షిస్తే మూడే అన్ని పరీక్షల్లోనూ నెగ్గాయి, మిగతావాటిలో చక్కెర పాకం కల్తీ జాడలు కనిపించాయి. పాకంతోనూ తీపి కేకు వస్తుంది. తేనె కేకు మాత్రం రాదు. ఇంకొక మాట, సీసాలో గడ్డకట్టిన తేనె చూసి చక్కెర కలిపారని పారేయకండి. చాలా రకాల మంచి తేనె కొన్నాళ్లకు గడ్డకడుతుంది. ఎలాగూ కరిగించేదే కాబట్టి ఈ కేకుకు అది హాయిగా పనికొస్తుంది.

రాణిగారి కథ, సోవియట్ వంటగది

మెదోవిక్ చరిత్ర ఎవరు చెప్పినా ముందు రాణిగారి కథ వస్తుంది. రష్యా జార్, అంటే చక్రవర్తి, మొదటి అలెగ్జాండర్ భార్య ఎలిజవేత అలెక్సేయెవ్నాకు తేనె గిట్టదట. ఆ సంగతి తెలియని కొత్త వంటవాడు తేనె పోసి కేకు చేశాడట. ఆవిడ మెచ్చుకుని ఇందులో ఏం వేశావని అడిగితే వణుకుతూ నిజం చెప్పాడట. కోప్పడకుండా బహుమానం ఇచ్చిందట. తెనాలి రామకృష్ణుడి కథలు విన్నట్టు వినాలి దీన్ని. చెప్పేవాళ్లెవరూ ఆ వంటవాడి పేరు చెప్పరు.

కథను పక్కనపెట్టి వస్తువులను చూద్దాం. అలెగ్జాండర్ పాలించింది 1801 నుంచి 1825 దాకా. వంటసోడాను బెర్లిన్‌లో వాలెంటిన్ రోజ్ తయారు చేసిందే 1801లో, అప్పటికది వంటగదికి చేరలేదు. ఉప్పు, సున్నపురాయి నుంచి పెద్ద ఎత్తున సోడా తీసే సాల్వే పద్ధతిలో మొదటి రష్యన్ ఫ్యాక్టరీ ఉరల్ ప్రాంతంలోని బెరెజ్నికీలో 1883లో వచ్చింది. అంతకుముందు బూడిద నుంచి తీసిన పొటాష్‌తో తేనె పిండిని పొంగించేవారు, కాబట్టి తేనె వంటలు కొత్తేమీ కాదు. 'ప్ర్యానిక్' అనే తేనె రొట్టె ఎంతో పాతది. తూలా ఊరి ప్ర్యానిక్ ప్రస్తావన 1685 నాటికే కనిపిస్తుంది. అదే తూలా ప్రాంతంలోని అల్యాబ్యేవోలో 1802లో రష్యా మొదటి బీట్ చక్కెర ఫ్యాక్టరీ పెట్టేదాకా మామూలు జనానికి తీపి అంటే చాలావరకు తేనే. రష్యాలోని బష్కోర్తొస్తాన్ అడవుల్లో చెట్టు తొర్రల్లో తేనె పట్టే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఆగస్టు 14న కొత్త తేనెను చర్చిలో పెట్టి దీవెన పట్టే పండుగ కూడా ఉంది. నా అంచనాలో మెదోవిక్ పిండికి తాత ప్ర్యానిక్, రాణిగారు కాదు.

ఇక పొరలు, పుల్లని క్రీమ్, రాత్రంతా ఫ్రిజ్... ఇవన్నీ ఇరవయ్యో శతాబ్దపు సోవియట్ ఇంటివి. 1950ల రెండో సగం నుంచి సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ కాలంలో ఐదంతస్తుల ఫ్లాట్లు వేలకు వేలు లేచాయి. అప్పటిదాకా నాలుగైదు కుటుంబాలకు ఒకే వంటగది. ఇప్పుడు ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి ఓవెన్ వాళ్లది. కొట్లో ఎప్పుడేం దొరుకుతుందో తెలియని రోజుల్లో పిండి, గుడ్లు, చక్కెర, కాస్త తేనె, పుల్లని మీగడ ఉంటే చాలు, పండుగ కేకు అయిపోతుంది. చాక్లెట్ అక్కర్లేదు, జీడిపప్పు అక్కర్లేదు. ఆడవాళ్లు నోటుపుస్తకాల్లో రాసుకుని, ఒకరి దగ్గర్నుంచి ఒకరు ఎక్కించుకున్నారు. అందుకే దీనికి పుట్టినతేదీ లేదు. కీవ్ కేకుకు ఉంది, 1956లో అక్కడి కార్ల్ మార్క్స్ మిఠాయి ఫ్యాక్టరీలో పుట్టింది. 'పక్షిపాలు' కేకుకు ఉంది, 1970లలో మాస్కో ప్రాగా రెస్టారెంట్‌లో వ్లదీమిర్ గురల్నిక్ బృందం చేసింది. మన ఆవకాయను ఎవరు కనిపెట్టారంటే ఏం చెబుతాం? మెదోవిక్ సంగతీ అంతే.

ఆ నోటుపుస్తకాల్లో రెండో రకం క్రీమ్ కూడా ఉండేది. నీలం, తెలుపు డబ్బాలో వచ్చే కండెన్స్‌డ్ మిల్క్‌ను డబ్బాతో సహా రెండు మూడు గంటలు నీళ్లలో ఉడికిస్తే లోపల పాలకోవా రంగుకు తిరుగుతుంది. దాన్ని వెన్నతో గిలక్కొట్టి పూస్తారు. నీళ్లు తగ్గి డబ్బా బయటపడితే పేలుతుంది, అలా ఇంటి కప్పుకు అంటిన కథలు అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మన దగ్గర ఆ పని చేయకండి, దోరగా కాచింది డబ్బాల్లోనే దొరుకుతోంది. నాకు మాత్రం ఈ క్రీమ్ నచ్చదు. తేనె తీపి మీద పాల తీపి వేస్తే నాలుకకు ఊపిరాడదు. మెదోవిక్‌కు పులుపు కావాలి.

చేసే తీరు

వెన్న 100 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, తేనె మూడు పెద్ద చెంచాలు. నీళ్ల గిన్నె మీద కరిగించి, తల కొట్టిన చిన్న చెంచాడు సోడా వేసి, రంగు తిరిగేదాకా కలిపి దించాలి. వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారాక రెండు గుడ్లు గిలక్కొట్టి పోయాలి. తొందరపడితే గుడ్డు పొరటు అవుతుంది. తర్వాత మైదా 350 గ్రాములు.

ఇక్కడ నూటికి తొంభైమంది చేసే తప్పు ఒకటుంది. వేడి మీద పిండి గరిటెకు అంటుకుంటూ, జావలా కనిపిస్తుంది. ఇంకో గుప్పెడు మైదా, ఇంకో గుప్పెడు అని వేస్తూ పోతాం. అరగంట ఆగితే అదే పిండి చల్లారి గట్టిపడుతుంది, ఎందుకంటే వెన్నా తేనే రెండూ చల్లారితే బిగుస్తాయి. ఎక్కువ మైదా పడ్డ పొర ఎన్ని రోజులు నానినా అట్టముక్కే. మూత పెట్టి అరగంట వదిలేయండి. అప్పటికీ మరీ అంటుకుంటే అప్పుడు రెండు చెంచాలు.

ఎనిమిది ఉండలు చేసి, ఒక్కోటి రెండు కాగితాల మధ్య పెట్టి రెండున్నర మిల్లీమీటర్ల మందాన వత్తాలి. రష్యాలో ఉండలు చల్లబడి బిగుసుకుపోతాయని వెచ్చగా ఉంచి వత్తుతారు. విజయవాడ మేలో దానికి పూర్తిగా తలకిందులు, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే గానీ కాగితం వదలదు. 18 సెంటీమీటర్ల గిన్నె మూత బోర్లించి గుండ్రంగా కోసి, ఫోర్కుతో పొడిచి, 180 డిగ్రీల్లో ఐదారు నిమిషాలు కాల్చాలి. ఏడో నిమిషంలో మాడుతుంది, పక్కనుంచి కదలకండి. కోసిన చుట్టు ముక్కలనూ కాల్చి పొడి చేసి ఉంచితే చివర్లో కేకు మీద, చుట్టూ చల్లుకోవచ్చు.

అక్కడి క్రీమ్ పేరు స్మెతానా, పులియబెట్టిన మీగడ. కేకుకు వాడేదాంట్లో కొవ్వు సాధారణంగా 20 శాతం పైమాటే. మనకు దొరకదని బాధపడక్కర్లేదు. గడ్డపెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి రెండు గంటలు, అంతకు మించకుండా, వేలాడదీయాలి. అలా దిగిన పెరుగు 400 గ్రాములకు చల్లని క్రీమ్ 300 గ్రాములు, పొడి చేసిన చక్కెర 120 గ్రాములు కలపాలి. గేదెపాల పెరుగైతే మరీ మంచిది. ఇంట్లో రోజూ తీసి దాచుకునే పుల్లని మీగడ ఉంటే అది దాదాపు స్మెతానాయే, కాస్త గిలక్కొట్టి కలిపేయొచ్చు. మరీ గిలక్కొడితే వెన్న పడుతుంది, అది మన అమ్మమ్మలు చెప్పాల్సిన పనిలేదు.

పళ్లెంలో ముందు చెంచాడు క్రీమ్ రాసి కింది పొర పెట్టండి, జారదు, అడుగు కూడా నానుతుంది. అంచుల దాకా పూయాలి. చలికాలమైతే రెండు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. ఎండాకాలంలో నేరుగా ఫ్రిజ్‌లోకే. కనీసం పన్నెండు గంటలు. ఇరవైనాలుగైతే ఇంకా బాగుంటుంది. చక్కెర వేయని టీ పక్కన పెట్టుకుంటేనే దీని రుచి తెలుస్తుంది. మన తియ్యటి టీతో తింటే తేనె ఎక్కడో తప్పిపోతుంది.

గుడ్లు తిననివాళ్లు వాటి బదులు అరకప్పుకు కాస్త తక్కువగా కండెన్స్‌డ్ మిల్క్ పోసి చక్కెర తగ్గించుకోవచ్చు, పొరలు కొంచెం పెళుసుగా వస్తాయి, ఇంకో ఆరు గంటలు ఎక్కువ నానబెట్టాలి. ఓవెన్ లేదని ఆగిపోనక్కర్లేదు. సోవియట్ ఇళ్లలో పెనం మీద కాల్చి చేసే పొరల కేకులూ ఉండేవి. మందపాటి పెనం, సన్నని సెగ, ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర. సమంగా ఎర్రబడవు, అక్కడక్కడా చపాతీ మీద పడ్డట్టు మచ్చలు పడతాయి. క్రీమ్ కింద ఎవరికీ కనబడవు.